చాంబర్ కింద నాలుగు వేళ్లు

మొన్న బుధవారం పొద్దున తాండూరు రైలు దిగిన ఒక కందిపప్పు వ్యాపారి వికారాబాద్‌లో నా షాపు ముందు ఆగి, "మీ మున్షీ సాబ్ పోయిండు, నిన్న మాపటికి" అని చెప్పాడు. చేతిలో ఉన్న పానా కింద పెట్టకుండానే నేను, "ఎవరు చెప్పిండ్రు? నువ్వు చూసినవా?" అని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. చావు కబురు తెచ్చినవాణ్ని అలా అడగకూడదని నాకూ తెలుసు. కానీ ఏ కబురు విన్నా ముందు ఆ రెండు ప్రశ్నలు అడగడం నాకు అలవాటు చేసింది ఆ పోయిన మనిషే. పాడె కడుతుంటే చూసే రైలెక్కానని వ్యాపారి అన్నాక పానా కింద పెట్టి, చేతులు కడుక్కుని, తర్వాతి రైలుకు తాండూరు పోయాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తాండూరు దాటి మైసూరు రాష్ట్రం వైపు పోయే తోవలో ఒక వెదురు బొంగు అడ్డంగా ఉండేది. పక్కన రేకుల గది. బియ్యం, జొన్నలు పరిమిట్ లేకుండా సరిహద్దు దాటకుండా చూసే నాకా అది. అక్కడ రాతపని చేసే మున్షీ ఆయన. ఆ తోవన పోయే లారీల వాళ్లకు గానీ, నాపరాళ్ల బండ్ల వాళ్లకు గానీ ఆయనంటే ఇష్టం ఉండేది కాదు. నాకూ చాలా కాలం లేదు. ఈ మాట దాచి ఆయన మంచితనం గురించి రాస్తే ముందుగా నమ్మనిది ఆయనే.

సన్నటి మనిషి. కళ్లద్దాలకు ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. కుర్చీని గోడకు ఆనించి, రోడ్డు రెండు వైపులా కనబడేటట్టు వేసుకునేవాడు. గదికి తాళం వేసి, లాగి చూసి, పది అడుగులు పోయి, మళ్లీ వచ్చి లాగి చూసేవాడు. చాయ్ తెస్తే, అదే కెటిల్లోంచి ఇంకొకరికి పోసిందాకా ముట్టుకునేవాడు కాదు. బండి ఆగితే డ్రైవరు ముఖం చూసేవాడు కాదు. నేరుగా చక్రాల దగ్గరికి పోయి కమాన్లు చూసేవాడు. బండి బరువును మోసే ఇనుప పట్టీలవి. బరువు లేనప్పుడు విల్లులా వంగి ఉంటాయి, బరువు పెరిగేకొద్దీ చదునవుతాయి. "మనిషి మొకం అబద్ధం చెప్తది మిస్త్రీ, కమాను చెప్పది" అని మెకానిక్కునైన నాతో ఎన్నిసార్లు అన్నాడో. కాగితంలో నలభై సంచులని రాసుకొచ్చిన లారీ పక్కన ముడుక్కుని కూర్చుని, యాభై ఉన్నాయి దించమనేవాడు. దించితే చాలాసార్లు యాభయ్యే ఉండేవి.

అలాంటి మనిషి ముందుకు నేను కడుపు నేలకు ఆనినంత పని చేసే బండి తీసుకుని పోయాను.

మాది మర్పల్లి దగ్గరి పల్లె. అన్నదమ్ములకు నాగలి మీద ఎంత మనసో నాకు ఇంజను మీద అంత. వికారాబాద్‌లో నీళ్ల ఇంజన్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాను. పోలీసు చర్య తర్వాత జాగీర్లు పోయి, జాగీర్దార్ల పెద్ద ఇళ్లు, ఆ దేవిడీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజులవి. ఒక దేవిడీలో ఇటుకల మీద నిలబెట్టి వదిలేసిన పాత మోటారు ఉందని తెలిసి, తుక్కు కింద కొన్నాను. అదే ఇంట్లో చిత్తుకాగితాల కుప్పలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో పేజీ నిండా ఒక పందెం కారు బొమ్మ. ఇద్దరే కూర్చునేది, పైన కప్పు లేనిది, తలుపులు నడుము దగ్గర లోతుగా కోసి ఉన్నది. నేల మీద పడుకున్న చిరుతపులిలా ఉంది. ఆ బొమ్మను దుకాణం గోడకు అంటించుకుని, రెండేళ్లు ఆదివారాలన్నీ పోసి, అచ్చం అలాంటి బండినే చేశాను. డ్రమ్ముల రేకును ఇసుక సంచి మీద పెట్టి కొట్టి కొట్టి ఒళ్లు తయారుచేశాను. ఒక్క ఎత్తు మాత్రం కుదరలేదు. మా పాత బండి లేడిపిల్లలా కాళ్ల మీద నిలబడేది. అందుకని కమాన్లను ఇరుసుకు పైనుంచి తీసి కింద బిగించాను. బండి మొత్తం జానెడు కిందికి దిగింది. దాంతోపాటు ఇంజనూ దిగింది.

ఇంజను అడుగున నూనె నిలవుండే ఇనుప తొట్టి ఒకటుంటుంది. మేం చాంబర్ అంటాం. నా బండిలో అన్నిటికన్నా కిందికి వేలాడింది అదే. చదునైన నేల మీద దాని కింద నా నాలుగు వేళ్లు పట్టేవి, బొటనవేలు చేరిస్తే పట్టేది కాదు. పత్రికలోని బొమ్మలో బండి కింద నల్లటి నీడ తప్ప ఏమీ కనబడదు. ఆ నీడలో వాళ్ల చాంబర్ ఎంత ఎత్తున ఉందో, అసలు అలాంటి బండికి వాళ్లు ఎలాంటి చాంబర్ పెడతారో నేను ఆలోచించలేదు. బొమ్మలాగా ఉందా లేదా, అంతే చూసుకున్నాను.

సరిహద్దు అవతల పప్పు మిల్లుల ఇంజన్లు చూడడానికి నేను వారానికోసారి పోయేవాణ్ని. మొదటిసారి ఆ బండిలో పోయిన రోజు మున్షీ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. లోపల ఏముందని అడిగాడు. ఏమీ లేదన్నాను.

"ఏం లేకుంటే గింత కిందికెందుకున్నది?" అన్నాడు.

బొమ్మ సంగతి చెప్పాను. ఆయన ముఖంలో అనుమానం ఇంకా చిక్కబడింది. బొమ్మను చూసి బండి చేసుకునేవాణ్ని ఆయన ఎన్నడూ చూసి ఉండడు. సీట్లు తీయించాడు, పనిముట్ల సంచి గుమ్మరించాడు, చివరికి నేల మీద గోనెపట్టా పరిచి పడుకుని చాంబర్ కిందికి చెయ్యి పెట్టాడు. ఆ డబ్బాలో ఏముందన్నాడు. నూనె అంటే ఏం నూనె అన్నాడు. నట్టు విప్పి చూపించమన్నాడు. విప్పితే నూనె మొత్తం నేలపాలవుతుందని బతిమాలి, నూనె కొలిచే పుల్ల లాగి చూపించాను. పుల్లకు అంటిన నూనెను వేలితో తుడిచి వాసన చూశాడు. అప్పటికి వదిలేశాడు గానీ, నాలుగు వేళ్లు పెట్టి ఎడం కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. మాపటికి తిరిగి వస్తుంటే మళ్లీ కొలిచాడు. ఆ తర్వాత ప్రతి వారం, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇదే వరస. ఎడం గోరంత తగ్గినా సరుకు దాచానని తేలిపోతుందని ఆయన లెక్క. అది ఎన్నడూ తగ్గలేదు. అయినా ఆయన అనుమానమూ తగ్గలేదు.

ఆయనకు మామూలు కావాలేమోనని నాకు అనుమానం. ఒకరోజు కొత్త సిగరెట్ పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాను. ఆయన దానిని తాకనైనా తాకలేదు. "ఏం దాపెట్టనోడు నాకెందుకిస్తడు?" అని పక్కనున్న జవానును అడిగి, ఆ రోజు నా బండి చక్రాలతో సహా విప్పించాడు. మిల్లుకు పోయేసరికి పొద్దు వాలింది. మిల్లు యజమాని నన్ను తిట్టాడు, నేను దారి పొడవునా మున్షీని తిట్టుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాయడానికి కష్టంగా ఉంది కానీ రాస్తాను.

సరిహద్దు అవతల నాపరాళ్ల గనులున్న ఒక షావుకారు నా బండి గురించి విన్నాడు. నచ్చితే తీసుకుంటానని, తన తమ్ముడికి అలాంటిదే ఇంకొకటి చేయమంటానని కబురు పెట్టాడు. ఆ పని దొరికితే సొంతంగా షాపు పెట్టుకోవచ్చునని నా ఆశ. బండిని కడిగి, రంగు మెరిసేటట్టు తుడిచి, తెల్లవారి బయలుదేరాను. అనంతగిరి ఘాటు రాళ్ల మీద నెమ్మదిగా దించుకున్నాను. ఎడ్లబండ్ల గాడుల నడుమ మట్టి గట్టులా లేచి ఉన్న చోటల్లా ఒక చక్రం గట్టు మీద పెట్టి నడిపాను. తాండూరులో రైల్వే గేటు పట్టాలు దాటేటప్పుడు ఒక చిన్న కుదుపు తగిలింది. గేటు మూసే వేళయి గేటువాడు తొందర పెడుతుంటే నేను పట్టించుకోలేదు.

నాకా దగ్గర ఆ రోజు మున్షీ ఒక లారీ సరుకు దింపిస్తున్నాడు. నన్ను ఆగమని చెయ్యి చూపాడు. చాలాసేపు ఆగాను. షావుకారు ఎదురుచూస్తుంటాడని జవాను ప్రాణం తీస్తే అతడు బొంగు ఎత్తాడు. ఆ రోజు ఆయన నా బండిని కొలవలేదు. బొంగు కింద పరిచిన నాపరాళ్లలో ఒకటి అంచు లేచి ఉంది. దాని మీద నుంచి పోతుంటే బండి అడుగున గీరుకున్న చప్పుడైంది. సరేలే అని పోనిచ్చాను.

రెండు మైళ్లు పోయాక ఇంజను మూలగడం మొదలుపెట్టింది. నేను ఆపేలోగానే పట్టేసింది. కిందికి చూస్తే చాంబర్ చీలి ఉంది, ఒక్క చుక్క నూనె లేదు. షావుకారు దగ్గరికి పోనూలేదు, ఆ బేరం మళ్లీ రానూలేదు. అక్కడి నుంచి దుమ్ములో నల్లగా కనబడుతున్న నూనె చుక్కల వెంట వెనక్కి నడిచాను. చుక్కలు నన్ను సరిగ్గా నాకా దగ్గరికి తీసుకుపోయాయి. పొద్దున బొంగు ముందు నా బండి ఆగి ఉన్న చోట విస్తరాకంత నూనె మరక. దానికి నాలుగడుగుల దూరంలో లేచి ఉన్న రాయి, దాని అంచు మీద కొత్త గీత. నేను అక్కడితో ఆగిపోయాను.

ఆయనను అడిగాను, గట్టిగానే అడిగాను. రాయి నిన్న అలా లేదని, ఎవరు లేపారో చూస్తానని అన్నాడు. నాకు ఆ మాట నిలువునా అబద్ధంలా తోచింది. ఎడ్లకు బండిని కట్టి తాండూరు దాకా లాగించి, అక్కడి నుంచి లారీ మీద వికారాబాద్ చేర్చాను.

రెండు రోజులకు దుకాణం అరుగు మీద పట్టపగలు కూర్చుని, ఎడమచేత్తో ఆయన పై అధికారులకు ఒక అర్జీ రాశాను. నాకా మున్షీ మామూలు ఇవ్వనివాళ్ల బండ్ల కింద రాళ్లు పెట్టిస్తున్నాడని రాశాను. రాయి సంగతి నేను నమ్మిన అబద్ధం. మామూలు సంగతి నేను కల్పించిన అబద్ధం. సంతకం చేయలేదు.

నెల తిరగకుండానే ఆయనను నాకా నుంచి తప్పించి, విచారణ తేలేదాకా ఇంట్లో కూర్చోమన్నారని విన్నాను. సంతోషపడ్డాననే చెప్పాలి. ఆ సంతోషం ఎన్నాళ్లో లేదు. ఒకరోజు మధ్యాహ్నం రైలు దిగి, గొడుగు చంకలో పెట్టుకుని, ఆయనే మా దుకాణం ముందు నిలబడ్డాడు. తెలిసిపోయిందనుకున్నాను.

"మిస్త్రీ, నీ చాంబర్ ఉన్నదా, పారేసినవా?" అన్నాడు.

ఉందన్నాను. మూలన పడి ఉన్నదాన్ని తెచ్చి వెలుతురులో పెట్టాను. ఆయన చెప్పిన సంగతి ఇది. నేను బండిని లాగించుకుని పోయిన సాయంత్రం ఆయన చుక్కల వెంట నడిచాడట. నేను నడిచిన దిక్కుకు కాదు, అవతలి దిక్కుకు. నాకా ముందు కూడా చుక్కలు ఉన్నాయి. పలచగా, దూరం దూరంగా, తాండూరు లోపలి దాకా ఉన్నాయి. రైల్వే గేటు దగ్గర రెండో పట్టా మీద కొత్త గీత ఉంది. దాని అవతల ఒక్క చుక్క కూడా లేదు. ఈ మాట విచారణలో చెప్పాడు. పోయి చూసినవాళ్లు లేరు. ఇంతలో వాన పడింది, చుక్కలు పోయాయి.

చాంబర్ను తిప్పి చూశాం. కింది నట్టు దగ్గర తెల్లటి పొడి అంటిన చిన్న గీత ఉంది. అది నాపరాయిది. దానివల్ల రేకు కందనైనా కందలేదు. చీలిక దానికి ముందువైపు ఉంది, రెండు వేళ్ల పొడవున, సన్నగా. అక్కడ తెలుపు లేదు. ఇనుము ఇనుమును కోసిన మెరుపు, దాని మీద సన్నగా తుప్పు. నెల రోజులుగా ఆ చాంబర్ నా కళ్లముందే పడి ఉంది. మిస్త్రీనని చెప్పుకునేవాణ్ని, ఒక్కసారి వంగి చూసినా తెలిసిపోయేది. చూడలేదు. నాకు దోషి ముందే దొరికాడు కదా.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గా ఒక్కనాడు నేను కొలవలేదు. కొలిచుంటే చేతికి నూనె అంటేది, నిన్ను ఆపేటోన్ని. నీ ఇంజను బతికేది. గా తప్పు నాదే" అన్నాడు.

మంచినీళ్లు ఇచ్చాను. తాగే ముందు గ్లాసును వెలుతురుకు పెట్టి చూసి, తాగాడు. తర్వాత, అడగకుండానే, తన పాత కథ చెప్పాడు. పోలీసు చర్య అయిన కొత్తలో ఎవరో సంతకం లేని కాగితం పంపారట. నిజాం సర్కారు నాకాలో పనిచేస్తూ గడ్డిబండ్లలో రజాకార్ల తుపాకులు దాటనిచ్చాడని. నాలుగు నెలలు లోపల పెట్టారు. ఏ బండి, ఏ రోజు, ఎవరు చూశారు అని ఎవరూ అడగలేదు. చివరికి ఏమీ లేదని వదిలేసి, చిన్న కొలువు ఇచ్చారు. ఆ నాలుగు నెలల్లో ఆయన పెద్దబిడ్డకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. "ఇప్పుడు రెండో కాయితం వచ్చింది" అన్నాడు.

ఎవరు రాశారని అనుమానం అని అడిగాను.

ఆయన నన్ను చూశాడు. బండ్లను చూసినట్టు కాదు, ముఖాన్ని చూశాడు. "అనుమానం ఉన్నది. కొలత లేదు" అన్నాడు. "అనుమానపడుడు నా పని మిస్త్రీ. నింద వేసుడు నా పని కాదు. కొలత లేనిది నేను పేరు చెప్ప."

గొడుగు తీసుకుని స్టేషనుకు పోయాడు. నేను ఆయన వెనక పోలేదు. ఆయనకు తెలిసే వచ్చాడా, తెలియక నిజంగా చాంబర్ చూడడానికే వచ్చాడా? ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. తెలిసే వచ్చి ఉంటాడని ఒకరోజు అనిపిస్తుంది. ఇంకోరోజు, ఆ మనిషికి తన తప్పెంతో కొలుచుకోవడమే ముఖ్యం, నేనెవరిని అనిపిస్తుంది.

నాలుగో రోజు కుడిచేత్తో ఇంకొక కాగితం రాశాను. మొదటి అర్జీ నేనే రాశానని, అందులో ఉన్నది అబద్ధమని, చాంబర్ ఎక్కడ చీలిందో దాన్ని చూస్తేనే తెలుస్తుందని. కింద పేరు, తండ్రి పేరు, ఊరు రాసి సంతకం పెట్టాను. చాంబర్ను గోనెసంచిలో చుట్టి పట్టుకుని పై అధికారి దగ్గరికి పోయాను. తప్పుడు అర్జీ ఇచ్చినందుకు కేసు పెట్టొచ్చు తెలుసా అన్నారు. తెలుసన్నాను. వారం రోజులు తిప్పుకున్నారు, తిట్టారు, వాంగ్మూలం రాయించుకుని పంపించారు. సర్కారు పంచాయితీ ఉన్నవాడు తన దుకాణంలో వద్దని మా యజమాని నన్ను మాన్పించాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఈ సంగతి ఇంకొకరి నోట వినడం ఆయనకు న్యాయం కాదనిపించి తాండూరు పోయాను. ఆయన ఇంటి గడప ముందు నిలబడి, కాగితం నకలు చేతికిచ్చాను. ఆయన అక్కడే నిలబడి రెండుసార్లు చదివాడు. వాళ్లింటామె తలుపు చాటున నిలబడి చూస్తోంది. నేను చెంపదెబ్బకు సిద్ధంగా ఉన్నాను.

"గీ సంతకం నీదేనా?" అన్నాడు.

నాదేనన్నాను. లోపలి నుంచి పలక తెప్పించి దాని మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. కాగితాన్నీ పలకనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాడు. ఆ తర్వాతే పక్కకు జరిగి, లోపలికి రమ్మన్నాడు.

క్షమించానని ఆయన ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు. జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. తింటుంటే ఆమె, "చిన్నబిడ్డ లగ్గం తప్పిండె, మల్ల కుదిరింది, ఫికర్ లేదు" అని నన్ను చూడకుండా చెప్పింది. ఆ లగ్గం తప్పింది నా కాగితం వల్లేనని నాకు అర్థమైంది.

రెండు నెలలకు ఆయనను మళ్లీ నాకాలో కూర్చోబెట్టారు. నేను వికారాబాద్‌లోనే ఒక రేకుల పంచ కింద సొంతంగా పని మొదలుపెట్టాను. మొదట్లో ఎవరూ రాలేదు. సంతకం లేని అర్జీ రాసినవాణ్ని అందరూ అనుమానంగా చూడడం సబబే. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన మొదటి లారీ డ్రైవరు, మున్షీ సాబ్ పంపాడని చెప్పాడు. ఏమని పంపాడని అడిగాను. పని అయ్యాక ప్రతి నట్టూ తిప్పి చూసుకొమ్మని చెప్పి పంపాడట. ఆయన చేసే సిఫారసు అలా ఉండేది.

బండి సంగతి కూడా ఆయనే తేల్చాడు. ఇంజను బాగయ్యాక కమాన్లు మళ్లీ పైకి బిగించమన్నాడు. బొమ్మ చెడిపోతుందని నేను ఒప్పుకోలేదు. ఆదివారాలు రెండు ఆయన ఒక వెదురు పుల్ల పట్టుకుని తోవలో నడిచాడు. గాడుల నడుమ గట్టు ఎక్కడ ఎంత లేచిందో, రైలు పట్టా రోడ్డు కన్నా ఎంత పైకుందో పుల్ల మీద కత్తితో గాట్లు పెట్టుకొచ్చాడు. అన్నిటికన్నా పై గాటు చూపించి, దీనికి ఇంకో వేలు కలిపితేనే బతుకుతావన్నాడు. చివరికి, బండిని లేపే పని లేకుండా చాంబర్నే మార్చాం. ఇత్తడి పని చేసే కంచరి పెద్దమనిషి ఒకాయన సాయంతో లోతు తగ్గించి, వెడల్పు పెంచి, పళ్లెంలా కొత్తది చేశాం. నూనె అంతే పట్టింది. ఎడం ఏడు వేళ్లయింది. విదేశాల్లో అలాంటి బండ్లకు చాంబర్లు పళ్లెంలాగే ఉంటాయని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ మాట చెబితే, ఎవరు చెప్పారని అడిగాడు.

కొత్త చాంబర్తో నాకా దగ్గర ఆగిన మొదటి రోజు ఆయన గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. ఏడు వేళ్లూ కొలిచి లేచి, "మొన్న నాలుగుండె. మూడు వేళ్లు పెరిగింది. లోపట నుంచి ఏం తీసేసినవు?" అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు. అలా ఆయన కొలువు దిగిందాకా నన్ను కొలుస్తూనే ఉన్నాడు. నాకు అది అవమానంగా తోచడం ఎప్పుడు మానిందో గుర్తు లేదు. నన్ను నమ్ముతున్నామని నోటితో చెప్పేవాళ్లు తర్వాత చాలామంది తగిలారు. వాళ్లలో ఎవరూ నా గురించి ఒక్క మైలు నడిచి చూసినవాళ్లు కారు.

పోయినేడు వానలు వెనకబట్టాక, ఆయన కొలువు దిగిన కొత్తలో, అనంతగిరి స్వామిని చూడాలని ఉందని కబురు పెట్టాడు. నేను బండి తీసుకుని పోయాను. అన్నేళ్లు దాన్ని కింది నుంచి చూసిన మనిషి ఎక్కి కూర్చోవడం అదే మొదలు. ముందు సీటు కింద చూశాడు. కాళ్లు ఎక్కడ పెట్టాలో అడిగాడు. ఊరు దాటేదాకా రెండు చేతులతో గొడుగును పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు.

దర్శనం అయి ఘాటు దిగుతుంటే పొద్దు ఇంకా చాలా ఉంది. రోడ్డుకు రెండు పక్కలా గడ్డి మోకాలెత్తు పెరిగి వెన్నులు పట్టి ఉంది. ఆ బండిలో కూర్చుంటే గడ్డి వెన్నులు మన భుజం పక్కనే ఉంటాయి. ఆయన గొడుగును కాళ్ల మధ్య దూర్చి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి ఎడమచేతిని తలుపు మీదుగా బయటికి జార్చాడు. అరచేతికి వెన్నులు తగులుతున్నాయి. నేను బండిని బాగా నెమ్మది చేశాను. ఎందుకు నెమ్మది చేశావని ఆయన అడగలేదు. మలుపు దాటి ఇంకో మలుపు దాకా ఆ చెయ్యి అలాగే ఉంది. గడ్డి ఒక్కొక్క వెన్నే ఆయన అరచేతి కింద వంగి, మేం దాటిపోయాక వెనక మళ్లీ లేచి నిలబడుతోంది.